బ్రహ్మచారి జోలె

మనం ఉగాది చేసుకొనే చైత్ర శుద్ధ పాడ్యమినాడే మరాఠీ సోదరులు ఇంటిముందు గుడి నిలిపి పడ్వా చేసుకొంటారు. నాందేడు జిల్లా దెగ్లూర్ ప్రాంతంలో ఈ రెండు పండుగలూ ఇరుగుపొరుగు పండుగలే. 1956 నవంబరు 1న రాష్ట్రాలను తిరిగి విభజించినప్పుడు దెగ్లూర్ బొంబాయి రాష్ట్రంలోకి పోగా, ఆ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవి. నేడవి తెలంగాణలో కామారెడ్డి జిల్లాలో ఉన్నవి. తాలూకా రెండైనా కొన్ని మాటలు ఉభయులకూ ఉమ్మడిగానే మిగిలినవి.

అట్టి మాటలలో ఒకటి 'వారం'. పేద విద్యార్థి రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదివితే మనవారు వారాలు చేసుకొని చదివాడంటారు. మరాఠీవారూ 'వార్' అనే అంటారు. ఇంటింటా కొద్దికొద్దిగా వండిన అన్నం తెచ్చుకొంటే మనకది మధూకరం, వారికి మాధుకరీ. తుమ్మెద ఒక్క పువ్వునే పీల్చివేయదు గదా! బ్రహ్మచారి ప్రతిదినం ఒకే ఇంటి అన్నం తినరాదని ధర్మశాస్త్రం విధించింది. ఏ ఒక్క ఇంటికీ బరువు కాకుండా, ఏ ఒక్క యజమానికీ లొంగకుండా చదువు సాగే ఉపాయమిది అని నాకు తోస్తుంది. బ్రహ్మచర్యమంటే పెండ్లి మానడమే అనుకొంటాము గాని, నేలపడక, గురుసేవ, వల్లెవేత, వీటన్నిటికంటె కష్టమైన ఆ జోలె కూడా అందులోవే. పరాయి వాకిట నిలిచి అడగడం సామాన్యమా?

అయితే ఉపనయనం లేనివారికి ఈ త్రోవ మూసి ఉండేది. దానిని కొంత తెరచినవారు పండరి విఠలుని భక్తులైన వార్కరీలు. వారిలో దెగ్లూర్ పేరు పెద్దది: గుండా మహారాజ్ మఠం అక్కడిదే; ఇరవయ్యవ శతాబ్దిలో ధుండా మహారాజ్ దెగ్లూర్‌కర్ కీర్తనకారులుగా మహారాష్ట్రమంతటా ప్రసిద్ధులు. ఏకనాథుడు, తుకారాముడు సంసారులే కనుక ఇది ముఖ్యంగా గృహస్థుల మార్గం. అందులోనే 1917లో, సరిగా ఉగాదినాడు, జోగ్ మహారాజ్ పూనాకు దగ్గరి ఆళందిలో వార్కరీ శిక్షణ సంస్థను స్థాపించారు. ఆయన ఆజన్మ బ్రహ్మచారి. జ్ఞానేశ్వరి, తుకారాం అభంగాలు, కీర్తనం, మృదంగం, అన్నీ కలిపి నాలుగేండ్ల చదువు. అన్నం మాధుకరీ మీద. కులంతో నిమిత్తం లేకుండా రైతుబిడ్డలు చేరారు. చదువు ముగించి ఊరికి మరలి, పెండ్లాడి, సేద్యం చేసుకొంటూ కీర్తన చెప్పినవారెందరో. జోగ్ మహారాజ్ 1920లోనే గతించారు. ఆయన శిష్యులు సోనోపంత్ దాండేకర్ మాత్రం పూనాలో తత్త్వశాస్త్ర ఆచార్యులై, 1968లో కన్నుమూసేవరకు బ్రహ్మచారిగానే ఉన్నారు.

ఇక ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ బడి మగపిల్లలది. ఆ జోలె నింపినదేమో ఇల్లాండ్రు. ఉపనయనంలో వటువు తొలి భిక్ష కోరేది తల్లినే. కొడుకు చదువుకు అన్నం పెట్టిన చేతికి, పొరుగింటి బిడ్డ చదువుకు అన్నం పెట్టిన చేతికి, పలక అందలేదు. మన సంఘంలోని పెద్దలెవరి ఇంటనైనా వారాల పిల్లవాడు భోంచేసి ఉంటే, ఆ సంగతి వచ్చే ఉగాది సంచికకు వ్రాసి పంపవలెను. వడ్డించిన నాయనమ్మ పేరు మరువరాదు.