ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్

ఒక పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఏది ముందు ఏది తర్వాత, దేనికి ఎన్ని రోజులు, ఎవరు చేయాలి అన్న వివరాలు నమోదు చేస్తే, మొత్తం ఎప్పటికి పూర్తవుతుందో లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములను ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ అంటారు. పని మొదలయ్యాక ఎక్కడిదాకా వచ్చిందో అందులో ఎక్కిస్తూ ఉంటే, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను కూడా చూపిస్తుంది. మొదటిది షెడ్యూలింగ్, రెండోది ట్రాకింగ్. అందంగా షెడ్యూలు వేసి, ప్రింటు తీసి, గోడకు అంటించి, ఆ తర్వాత దాని మొహం చూడని కార్యాలయాలు తక్కువేమీ కావు. ఈ సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది మాత్రం ట్రాకింగ్‌లోనే.

పుట్టుక

కాలాన్ని అడ్డంగా, పనులను నిలువుగా పెట్టి, ఒక్కో పనికి ఒక్కో పట్టీ గీసే చార్టును 1910ల్లో అమెరికా ఇంజినీరు హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చాడు. పోలండ్ ఇంజినీరు కరోల్ అడమియెట్స్కీ 1896లోనే ఇలాంటిది తయారుచేశాడు. ఆయన రాసింది పోలిష్, రష్యన్ భాషల్లో కావడంతో పేరు గాంట్‌కు దక్కింది. గాంట్ చార్టు ఏ పని ఎప్పుడు జరగాలో చెబుతుంది కానీ, ఒకటి ఆగితే మరేవి ఆగుతాయో తొలినాళ్లలో చెప్పేది కాదు.

ఆ లోటు 1950ల చివర్లో తీరింది. 1957లో రసాయనాల కంపెనీ డ్యూపాంట్‌కు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి యూనివాక్ కంప్యూటర్ మీద క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. ఇందులో ప్రతి పనికీ మూడు అంచనాలు ఇస్తారు: అన్నీ కలిసొస్తే పట్టే కాలం, మామూలుగా పట్టే కాలం, ఏదీ కలిసిరాకపోతే పట్టే కాలం. మధ్యదానికి నాలుగు రెట్ల బరువిచ్చి, మూడూ కలిపి, ఆరుతో భాగిస్తారు. 4, 6, 14 రోజులు అంచనాలైతే సగటు 7 రోజులు వస్తుంది. మామూలు అంచనాకంటే ఇది ఎక్కువ రావడం యాదృచ్ఛికం కాదు. పని అనుకున్నదానికంటే త్వరగా ముగియడానికి హద్దుంది, ఆలస్యం కావడానికి లేదు.

అప్పట్లో ఈ లెక్కలు పెద్ద కంప్యూటర్లున్న సంస్థలకే అందేవి. పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక దశ తిరిగింది. ప్రైమవెరా 1983లో, డాస్ మీద నడిచే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ 1984లో మొదలయ్యాయి. ప్రైమవెరాను 2008లో ఒరాకిల్ కొనుక్కుంది. వంతెనలు, రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాలు కట్టేచోట షెడ్యూలు ఇంజినీర్ల చేతిలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే.

లెక్క జరిగే తీరు

కడుతున్న ఇంటినే చూద్దాం. స్లాబు పోశారు. గోడల మధ్య దాని నిడివి 4.5 మీటర్లు దాటితే కింది ఊతాలను 14 రోజులదాకా తీయకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. సెంట్రింగ్ విప్పాక లోపలి గోడలకు 8 రోజులు, కరెంటు పైపులకు 4 రోజులు, ప్లాస్టరింగ్‌కు 12 రోజులు అనుకుందాం. వరసలో మొత్తం 38 రోజులు. గోడలు మొదలయ్యేసరికి ద్వారబంధాలు సిద్ధంగా ఉండాలి కాబట్టి, స్లాబు పోసిన రోజే వడ్రంగికి పని అప్పగించారు. ఆయనకు 10 రోజులు చాలు. అంటే ఆయన చేతిలో 4 రోజుల వెసులుబాటు ఉంది. షెడ్యూలు వేసేవారు దీన్ని ఫ్లోట్ అంటారు.

వడ్రంగి 3 రోజులు ఆలస్యం చేస్తే ఇంటికి వచ్చిన నష్టం లేదు. 6 రోజులు చేస్తే మొత్తం పని 2 రోజులు జరిగి 40కి చేరుతుంది. అప్పటినుంచి ఇంటి గడువు మేస్త్రీ చేతిలో కాక వడ్రంగి చేతిలో ఉంటుంది. ఏమాత్రం ఫ్లోట్ లేని ఈ వరసనే క్రిటికల్ పాత్ అంటారు. ఇది స్థిరంగా ఉండదు, పని నడుస్తుండగా ఒక వరస నుంచి మరో వరసకు మారిపోతుంది. అయిదు పనులున్నచోట దీన్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయిదు వేల పనులున్నచోట, వారానికోసారి మళ్లీ లెక్క వేయాల్సిన చోట సాఫ్ట్‌వేర్ తప్పదు.

పనుల మధ్య సంబంధాలు నాలుగు రకాలుగా పెట్టవచ్చు. ఎక్కువగా వాడేది, ఒకటి ముగిశాకే రెండోది మొదలవడం. స్లాబు గట్టిపడే 14 రోజుల్లో కూలీలు ఉండరు, ఖర్చు ఉండదు, కాలం మాత్రం నడుస్తుంది. అలాంటి నిరీక్షణను ల్యాగ్‌గా నమోదు చేస్తారు. కొత్తగా నేర్చుకున్నవారు సంబంధాలు పెట్టకుండా ప్రతి పనికీ తేదీలు చేత్తో బిగించేస్తారు. అలా చేస్తే ముందుపని ఎంత ఆలస్యమైనా వెనకపని కదలదు. అప్పుడది షెడ్యూలు కాదు, తేదీల పట్టిక.

క్యాలెండర్ దగ్గర కూడా చాలామంది దెబ్బతింటారు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ తనంతట తానుగా సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకు 8 గంటల పని అనుకుంటుంది. మన నిర్మాణ స్థలాల్లో శనివారం పనిరోజే. మరోవైపు సంక్రాంతికి సొంతూళ్లకు వెళ్లిన కూలీలు పండుగ మర్నాడే తిరిగిరారు. ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు. వానాకాలంలో పునాది గుంతలు నీళ్లతో నిండుతాయి. ఇవన్నీ తెలిసిన మనిషి కూర్చుని క్యాలెండర్‌లో సెలవులు గుర్తించకపోతే, సాఫ్ట్‌వేర్ సంక్రాంతి రోజున కూడా స్లాబు పోయిస్తుంది.

ఒకే మేస్త్రీ బృందాన్ని ఒకే వారంలో రెండుచోట్ల పెట్టినప్పుడు పనులను జరిపి సర్దడాన్ని రిసోర్స్ లెవెలింగ్ అంటారు. పనులు పెరిగేకొద్దీ దీనికి అత్యుత్తమమైన సర్దుబాటు కనుక్కోవడం గణితపరంగా చాలా కష్టం. అందుకే ప్రోగ్రాములు కొన్ని బండ సూత్రాలతో ఫరవాలేదనిపించే జవాబు ఇస్తాయి. ఆ బటన్ నొక్కాక వచ్చిన ఫలితాన్ని అనుభవజ్ఞుడు చూడకుండా ఒప్పుకోకూడదు.

ట్రాకింగ్

పని మొదలుపెట్టే ముందు, అందరూ ఒప్పుకున్న షెడ్యూలును విడిగా భద్రపరుస్తారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. ఆ తర్వాత తేదీలు ఎంత మారినా బేస్‌లైన్ మారదు కాబట్టి, ఎంత వెనకబడ్డామో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆలస్యం బయటపడినప్పుడల్లా బేస్‌లైన్‌నే సవరించి, అంతా సమయానికే నడుస్తున్నట్టు నివేదికలు పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది సాఫ్ట్‌వేర్‌తో చేసే మోసం.

అంతకంటే పెద్ద చిక్కు శాతాలతో వస్తుంది. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే 90 శాతం అంటారు. మూడు వారాల తర్వాత అడిగినా 90 శాతమే. అందుకే పాతకాపులు శాతం అడగరు, ఇంకా ఎన్ని రోజుల పని మిగిలిందని అడుగుతారు. చిన్న పనులకు మొదలైతే 50 శాతం, ముగిస్తే మిగతా 50 శాతం అని లెక్కకట్టే పద్ధతీ ఉంది. అసలు ముగిసేదాకా సున్నాగానే ఉంచడం మరీ కఠినం, కానీ అందులో అబద్ధానికి చోటు తక్కువ.

డబ్బును, కాలాన్ని కలిపి చూసే ఎర్న్‌డ్ వాల్యూ విధానాన్ని అమెరికా రక్షణ శాఖ 1967లో తన కాంట్రాక్టర్లకు నిబంధనగా పెట్టింది. రూ.10 లక్షల పనిలో ఈపాటికి రూ.5 లక్షల విలువైన పని జరగాలి, రూ.4 లక్షల విలువైనదే జరిగింది, దానికి రూ.4.5 లక్షలు ఖర్చయ్యాయి అనుకుందాం. కాలంలో వేగాన్ని చూపే సూచిక 0.8. ఖర్చు ఇదే తీరున సాగితే పని ముగిసేసరికి రూ.11.25 లక్షలు అవుతుంది. ఈ లెక్క ముందే హెచ్చరిస్తుంది, అదే దీని బలం. అయితే కాలపు సూచికలో ఒక వింత లోపం ఉంది. ఎంత ఆలస్యంగా ముగిసినా, పని పూర్తయ్యేసరికి ఆ సంఖ్య 1కే చేరుతుంది. ఆఖరి నెలల్లో దాన్ని నమ్మకూడదు.

ఐటీ రంగంలో

ఇల్లు కట్టేవారికి ఏం కట్టాలో ముందే తెలుసు. సాఫ్ట్‌వేర్ రాసేవారికి సగం పని అయ్యాక కానీ తెలియదు. 2001లో అమెరికాలోని ఉటా రాష్ట్రంలో 17 మంది కలిసి ప్రకటించిన ఎజైల్ ధోరణి ఈ తేడా నుంచే బలం పుంజుకుంది. ఏడాది షెడ్యూలుకు బదులు, సాధారణంగా రెండు వారాల స్ప్రింట్లలో పని చేస్తారు. ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ 2002లో తెచ్చిన జిరా, 2011లో వచ్చిన ట్రెల్లో ఈ బాటలోవే. ట్రెల్లోను 2017లో అట్లాసియనే కొనేసింది. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కూడా జోహో ప్రాజెక్ట్స్ పేరుతో ఇలాంటి సేవ నడుపుతోంది.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి పొద్దున స్టాండప్ సమావేశంలో మాట్లాడేది జిరా టికెట్ల గురించే. ఒక్కో పనికి ఒకటిగా నమోదు చేసే ఈ టికెట్లు, పని ముందుకు సాగేకొద్దీ బోర్డు మీద ఎడమ నుంచి కుడికి కదులుతుంటాయి. ఒక నిలువు గడిలో ఒకేసారి ఇన్నే ఉండాలని పరిమితి పెట్టడం టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టిన కాన్‌బాన్ పద్ధతి నుంచి వచ్చింది. ఆ పరిమితి తీసేస్తే బోర్డు ఒట్టి అలంకారం. టికెట్ల సంఖ్యను బట్టి మనుషుల పనితనాన్ని కొలిచేచోట ఒకే పని నాలుగు టికెట్లుగా చీలిపోతుంది.

భారతదేశంలో

గడువును కళ్లముందు ఉంచడంలో ఢిల్లీ మెట్రో పేరు తెచ్చుకుంది. కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో చదివిన ఇ.శ్రీధరన్ నాయకత్వంలో, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలను కార్యాలయాల్లో పెట్టారు. మొదటి దశ గడువుకు ముందే పూర్తయింది. అక్కడ నిర్ణయాలు త్వరగా జరిగేవి, గుత్తేదారులకు బిల్లులు సమయానికి అందేవి. ఏ ప్రోగ్రామూ ఆ పని చేసిపెట్టదు.

రూ.150 కోట్లు, ఆపైన విలువ ఉన్న కేంద్ర ప్రాజెక్టుల పురోగతిని కేంద్ర గణాంకాల మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్‌లో గమనిస్తుంది. దాని నివేదికల్లో ఆలస్యానికి తరచుగా కనిపించే కారణాలు భూసేకరణ, అటవీ అనుమతులు, నిధుల కొరత. షెడ్యూలులో వీటికి కూడా రోజులు కేటాయించి, బాధ్యుల పేర్లు రాయాలి. కానీ చాలా షెడ్యూళ్లు భూమి చేతికొచ్చిన రోజు నుంచే మొదలవుతాయి.

ఎంపిక

ముప్పై నలభై పనులున్న చోట ఎక్సెల్ షీటు చాలు. ఉచితంగా కావాలంటే గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే ఉన్నాయి. రెండోది మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైళ్లను కూడా తెరుస్తుంది. ఆనకట్టలు, మెట్రోల వంటివి ఏళ్ల తరబడి సాగుతాయి, వాటి లెక్కలు రాసుకున్న ప్రోగ్రాములు అంతకాలం ఉంటాయన్న హామీ లేదు. మైక్రోసాఫ్ట్ తన ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సేవను 2026 సెప్టెంబరు 30తో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏ సాఫ్ట్‌వేర్ కొంటున్నా, అందులోని వివరాలను మరో ప్రోగ్రాము చదవగలిగే రూపంలో బయటికి తీసుకోవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.