మహిళలు, సైకిల్: రోజూ తొక్కాలంటే ఏం కావాలి? పుదుక్కోట్టై, బిహార్ అనుభవాలు ఏం చెబుతున్నాయి?

మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికో, బజారుకో, పనిచోటికో నడిచి వెళ్లాలంటే సుమారు 40 నిమిషాలు పడుతుంది. సైకిల్ మీద నింపాదిగా వెళ్లినా అదే దూరానికి 15 నిమిషాలు చాలు. రానూపోనూ లెక్క వేస్తే రోజుకు 50 నిమిషాలు మిగులుతాయి. తెల్లవారుజామున లేచింది మొదలు ఇంటిపని, బయటిపని రెండూ మోసే మహిళకు ఆ 50 నిమిషాలు చిన్న విషయం కాదు.

దేశంలో సైకిళ్లకు కొరత లేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దాదాపు సగం కుటుంబాలకు సైకిల్ ఉంది. పశ్చిమ బెంగాల్, ఉత్తర్‌ప్రదేశ్‌లలో ఈ వాటా నాలుగింట మూడొంతులు దాటింది. అయితే ఇంట్లో సైకిల్ ఉండటం వేరు, అది ఆ ఇంటి ఆడవారి చేతికి రావటం వేరు.

గంటకు ఇంతని అద్దె సైకిల్ తీసుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్లు దోక్కుపోయినా పట్టు వదలకుండా నేర్చుకున్న తరాలు తెలుగునాట ఉన్నాయి. ఆ జ్ఞాపకం ఎక్కువగా మగపిల్లలదే. ఆడపిల్లలకు అదే అవకాశం ఇచ్చినచోట ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మొదట తమిళనాడు వైపు చూడాలి.

పుదుక్కోట్టైలో ఏం జరిగింది?

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్లలో ‘అరివొళి ఇయక్కం’ పేరిట అక్షరాస్యతా ఉద్యమం సాగింది. చదువుతో పాటు మహిళలకు సైకిల్ తొక్కటం నేర్పించటాన్ని కూడా ఉద్యమ కార్యక్రమంలో భాగం చేశారు. అప్పటి జిల్లా కలెక్టర్ షీలా రాణీ చుంకత్ దీనికి ప్రోత్సాహం ఇచ్చారు. సైకిళ్లు కొనుక్కునేందుకు మహిళలకు బ్యాంకు రుణాలు అందేలా చూశారు.

ఆ జిల్లాలో లక్షకు పైగా మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల కార్మికులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామీణ నర్సులు, ఉపాధ్యాయినులు వారిలో ఉన్నారు. 1992 అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా మహిళలు పుదుక్కోట్టై వీధుల్లో సైకిళ్లపై ఊరేగింపుగా సాగారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఈ ఉద్యమాన్ని కళ్లకు కట్టినట్లు నమోదు చేశారు. 1996లో వెలువడిన ఆయన పుస్తకం ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’లో ఆ కథనం ఉంది.

ఆయన రాసిన వివరాల్లో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది. గిరాకీకి తగినన్ని లేడీస్ సైకిళ్లు దొరక్క చాలామంది మహిళలు మగవారి సైకిళ్లే కొన్నారు. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే అడ్డ కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే ఇష్టపడ్డారు.

అంతకుముందు వారి ప్రయాణాలన్నీ బస్సు వచ్చే వేళల మీదో, తండ్రి, భర్త, కొడుకుల తీరిక మీదో ఆధారపడి ఉండేవి. సైకిల్ వచ్చాక పండించిన సరుకును మరిన్ని ఊళ్లకు తీసుకెళ్లి అమ్ముకోగలిగారు. నీళ్లు తేవటం, పిల్లలను దింపటం త్వరగా ముగిసేవి. మొదట్లో వెకిలి మాటలు, ఎగతాళి ఎదురయ్యాయి. తొక్కేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఆ గొంతులు తగ్గాయి. ఒక్కరు తొక్కితే వింత, వందమంది తొక్కితే అలవాటు అన్నది పుదుక్కోట్టై నేర్పిన మొదటి పాఠం.

బిహార్ బాలికల సైకిళ్ల ఫలితం ఎంత?

బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే బాలికలకు సైకిల్ పథకం ప్రారంభించింది. తొలుత సైకిల్ కొనుక్కునేందుకు ఒక్కొక్కరికి 2,000 రూపాయలు ఇచ్చారు.

ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ ఈ పథకాన్ని అధ్యయనం చేశారు. బిహార్ బాలికల స్థితిని అక్కడి బాలురతోనూ, పొరుగునే ఉన్న ఝార్ఖండ్‌తోనూ పోల్చి చూశారు. సరైన వయసులో ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య పథకం వల్ల 32 శాతం పెరిగిందనీ, చేరికల్లో బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చింది. ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న గ్రామాల్లో ఈ మేలు అధికంగా కనిపించింది. అంటే చదువుకు అడ్డుపడింది ఆసక్తి లోపం కాదు, దూరం.

నగదుకు లేని ఒక గుణం సైకిల్‌కు ఉంది. బాలికలు గుంపులుగా కలిసి వెళ్లటంతో దారిలో భద్రత పెరిగింది. ఎదిగిన ఆడపిల్ల ఒంటరిగా ఊరు దాటకూడదన్న కట్టుబాటు సడలింది.

పశ్చిమ బెంగాల్ 2015లో ‘సబూజ్ సాథీ’ పేరుతో విద్యార్థులకు సైకిళ్ల పంపిణీ చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు అందాయి. బంగ్లాదేశ్‌లో 2008 నుంచి ‘ఇన్ఫోలేడీ’ పేరుతో యువతులు ల్యాప్‌టాప్ పట్టుకుని సైకిళ్ల మీద పల్లెలకు వెళ్లి ఇంటర్నెట్ సేవలు అందించారు.

అయితే పాఠశాల పథకాలు చదువుతో ముగుస్తాయి. కాలేజీలో చేరాకో, పెళ్లయ్యాకో సైకిల్‌ను మూలన పెట్టేసే వారు ఎందరో. ఇంట్లోకి మోటార్ సైకిల్ వచ్చాక సైకిల్ ఎక్కటం నామోషీగా తోస్తుంది. కానీ మోటార్ సైకిల్ తాళం చెవి చాలా ఇళ్లలో మగవారి జేబులోనే ఉంటుంది. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అమలవుతోంది. ఇంటి నుంచి బస్టాపుకు చేరే దూరం మాత్రం అలాగే ఉంది. సైకిల్ అక్కరకు వచ్చేది అక్కడే.

ఏ సైకిల్ నప్పుతుంది?

ఖరీదైన సైకిల్ కన్నా కొలతకు సరిపోయే సైకిల్ ముఖ్యం. అడ్డ కడ్డీ లేకుండా ఫ్రేమ్ కిందికి వంగి ఉండే సైకిల్‌ను చీర, చుడీదార్, లంగా ఏది కట్టుకున్నా సులువుగా ఎక్కి దిగవచ్చు.

సీటు ఎత్తును ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. గోడను పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద ఆనించాలి. కాలు తిన్నగా చాపగలిగితే ఎత్తు సరిపోయినట్లే. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. పడిపోతామనే భయంతో సీటును బాగా కిందికి దించి తొక్కితే మోకాళ్ల నొప్పులు వస్తాయి. ‘సైకిల్ నాకు పడదు’ అనుకునే చాలామందికి నిజానికి పడనిది సీటు ఎత్తు.

సగటున మహిళల కటి ఎముకల మధ్య వెడల్పు పురుషుల కన్నా ఎక్కువ. కాబట్టి నిటారుగా కూర్చుని తొక్కే సైకిల్‌కు కాస్త వెడల్పైన సీటు సుఖంగా ఉంటుంది. అలాగని మరీ మెత్తని సీటు మంచిది కాదు. ఎక్కువ దూరం వెళ్తే శరీరం అందులో కుంగి ఒరిపిడి పెరుగుతుంది.

కోనసీమ, కృష్ణా డెల్టా వంటి చదునైన నేలకు గేర్లు లేని సైకిల్ చాలు. దానికి మరమ్మతులూ తక్కువ. విశాఖపట్నం, హైదరాబాద్ వంటి ఎత్తుపల్లాల నగరాల్లో గేర్లు అక్కరకొస్తాయి. ఎక్కుడు మొదలు కాకముందే తేలిక గేరులోకి మారాలి. సగం ఎక్కాక మారిస్తే చైన్ తప్పవచ్చు.

వారానికోసారి గాలి చూసుకోవాలి. ఎంత గాలి పట్టాలో టైరు పక్క భాగంలో ముద్రించి ఉంటుంది. గాలి తగ్గితే శ్రమ పెరుగుతుంది, పంక్చర్లూ ఎక్కువవుతాయి. చైన్‌కు సైకిల్ దుకాణాల్లో దొరికే నూనె వేయాలి. వంటనూనె వేస్తే జిడ్డు పేరుకుని దుమ్ము పట్టేస్తుంది.

దుస్తులు, రక్షణ

రోజువారీ ప్రయాణానికి ప్రత్యేకమైన దుస్తులు అక్కర్లేదు. చైన్‌ను పూర్తిగా కప్పే కవర్, వెనక చక్రానికి జాలీ ఉంటే చీర కుచ్చిళ్లు, చుడీదార్ అంచులు చిక్కుకోవు. చున్నీని ఏటవాలుగా వేసి నడుము వద్ద ముడి వేసుకోవాలి. జారిపోని విధంగా వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు. సామానుకు ముందు బుట్ట, వెనక క్యారియర్ ఉండాలి. హ్యాండిల్‌కు తగిలించిన సంచి ఊగి చక్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

చట్టం నిర్బంధించకపోయినా హెల్మెట్ పెట్టుకోవటం మంచిది. చీకటి పడ్డాక ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పకుండా ఉండాలి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా బిగిస్తే బండి తిరగబడవచ్చు. రోడ్డు అంచును అంటుకుని కాకుండా, ఆగి ఉన్న కార్ల తలుపులు తెరుచుకున్నా తగలనంత ఎడంగా వెళ్లాలి. ఎడమవైపు మలుపు తిరిగే లారీ, బస్సుల పక్కకు చేరకూడదు. దారిలో వేధింపులు ఎదురైతే అత్యవసర సహాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181 అందుబాటులో ఉన్నాయి.

పెద్దయ్యాక నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. వెనక ఎవరో పట్టుకుని పరుగెత్తే పాత పద్ధతి కన్నా సులువైన మార్గం ఉంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించి, పెడళ్లు విప్పించాలి. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఆ పని సైకిల్ షాపులో చేయించటం మేలు.

ఖాళీ మైదానంలో పాదాలతో నేలను నెట్టుకుంటూ ముందుకు సాగాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా దూరంగా నిలపాలి. పాదాలు ఎత్తి కొంతదూరం జారగలిగితే తూకం వచ్చినట్లే. ఆ తర్వాత బ్రేకు వేసి ఆగటం, పెడళ్లు బిగించి తొక్కటం, చివరగా ఒక చేత్తో మలుపు సూచించటం నేర్చుకోవాలి. నేర్చుకున్నాక సీటును తిరిగి సరైన ఎత్తుకు పెంచటం మరువరాదు.

ఆరోగ్యం, అపోహలు

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 2022లో భారతీయ మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 42 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదని 2024లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. వ్యాయామానికి వేరే సమయం దొరకని మహిళకు వారంలో ఐదు రోజులు, రోజుకు రానూపోనూ అరగంట ప్రయాణంతోనే ఆ 150 నిమిషాలు పూర్తవుతాయి. శరీర బరువును సీటు మోస్తుంది కాబట్టి పరుగుతో పోలిస్తే మోకాళ్లపై భారం తక్కువ.

నెలసరి రోజుల్లో సైకిల్ తొక్కకూడదన్న నియమమేదీ వైద్యంలో లేదు. ఒంట్లో ఓపికను బట్టి నిర్ణయించుకోవచ్చు. గర్భిణులు డాక్టర్ సలహా తీసుకోవాలి. సైకిల్ తొక్కితే ‘కన్యత్వం’ పోతుందనే భయం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఆడపిల్లలను ఆపుతోంది. కన్యత్వాన్ని శరీర పరీక్షతో నిర్ధారించటానికి శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి సంస్థలు 2018లో స్పష్టం చేశాయి.

అలవాటు ఎలా నిలుస్తుంది?

మొదటి వారమే పది కిలోమీటర్లు తొక్కాలని పంతం పట్టినవారు రెండో వారానికి విరమించుకోవచ్చు. తెలిసిన దారిలో, దగ్గరలో ఉన్న ఒక్క పనితో మొదలుపెట్టటం మేలు. పాలప్యాకెట్, కూరగాయలు, పిల్లల ట్యూషన్ ఏదైనా కావచ్చు. ఇరుగుపొరుగున మరొకరు తోడైతే భయమూ, బద్ధకమూ రెండూ తగ్గుతాయి. పుదుక్కోట్టైలోనూ బిహార్‌లోనూ పనిచేసింది ఈ తోడే.

ఆనందాన్ని ఈ లెక్కలోంచి తీసివేయకూడదు. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, ఉదయపు గాలిలో సొంత కాళ్ల బలంతో సాగే ఆ కాసేపు చాలామంది మహిళల రోజులో వారికి మాత్రమే చెందిన సమయం. సైకిల్‌ను రోజూ బయటికి తీయించేది తరచూ ఆరోగ్య సూత్రాల కన్నా ఆ సంతోషమే.

మిగిలింది దారి. కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో సైకిల్ ప్రయాణానికి ఊతమిచ్చేందుకు నగరాల మధ్య ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీ చేపట్టింది. మరుసటి ఏడాది ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. వ్యాయామానికి అది చక్కని వసతి. అయితే బడికి, బజారుకు, బస్టాపుకు వెళ్లే మహిళ తొక్కేది ఇంటి ముందరి వీధిలో. అక్కడ వీధి దీపం వెలగటం, గుంత పూడటం, వాహనాల వేగం తగ్గటం ఆమెకు ఎక్కువ అవసరం.

ప్రభుత్వాలు చేయాల్సినవి అవి. ఇంట్లో చేయగలిగిన పని ఇంకా చిన్నది. దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఇప్పటికే ఉంది. దాని సీటు ఎవరి కాలి కొలతకు బిగించి ఉందో చూసి, ఒక స్పానర్‌తో ఆ ఇంటి మహిళకు సరిపడేలా మార్చటానికి రెండు నిమిషాలు చాలు.