చర్మానికి పూసుకునే సహజ దోమ నివారిణులు: చరిత్ర

దోమలు, జోరీగలు, చిన్న కుట్టుడు ఈగలు వాలకుండా ఒంటికి రాసుకునే మొక్కల నూనెలను, లేపనాలను, మొక్కల నుంచి వేరుచేసిన పదార్థాలను సహజ నివారిణులు అంటారు. ఇవి దోమను చంపవు, దగ్గరికి రానివ్వవు. ఆడ దోమ మనిషి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, చెమటలోని లాక్టిక్ ఆమ్లాన్ని, ఒంటి వేడిని పసిగట్టి వస్తుంది. ఒంటికి రాసుకున్న నూనె ఆవిరై, దోమ మీసాల మీద ఉండే వాసన గ్రాహకాలను తికమకపెడుతుంది. నూనె పనిచేయాలంటే ఆవిరి కావాలి, పూర్తిగా ఆవిరైపోతే పని ఆగిపోతుంది. అందుచేత దోమకు గిట్టని మొక్కలను కనిపెట్టడం కంటే, ఆ వాసనను చర్మం మీద గంటల తరబడి నిలబెట్టడానికే ఈ చరిత్రలో ఎక్కువ శ్రమ జరిగింది.

తొలి ఆధారాలు

సామాన్య శకం మొదటి శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ తన ఔషధ గ్రంథంలో, మాచిపత్రి కుటుంబానికి చెందిన వర్మ్‌వుడ్ అనే చేదు మొక్కను నూనెలో కలిపి ఒంటికి రాసుకుంటే దోమలు ముట్టవని రాశాడు. మొక్క సారాన్ని నూనెలో కలపడం అనే కీలకమైన ఆలోచన అప్పటికే ఉందన్నమాట. ఆ తర్వాత పదిహేను, పదహారు శతాబ్దాల పాటు యూరప్ ఇదే పద్ధతిని చేతికందిన చెట్లతో కొనసాగించింది.

భారతదేశంలో పొగకే ఎక్కువ ప్రచారం ఉండేది. తెలుగు పల్లెల్లో సందెవేళ పిడకల నిప్పు మీద వేపాకు, వావిలాకు వేసి ఇల్లంతా పొగ పట్టించడం పెద్దలందరికీ తెలిసిన అలవాటు. ఒంటికి రాసేవాటిలో వేపనూనె, కానుగనూనె ముఖ్యమైనవి. గోమార్లు పట్టకుండా, జోరీగలు వాలకుండా పశువులకు వీటినే పూసేవారు. వేపనూనె వాసన ఘాటుగా ఉంటుంది కనుక మనుషులకు రాసేటప్పుడు కొబ్బరినూనెలో కలిపేవారు. ఇలా కలపడం వాసనను తగ్గించడమే కాక ఆవిరయ్యే వేగాన్నీ తగ్గిస్తుంది.

ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగే వేటగాళ్ళు, కలప కూలీలు దేవదారు జాతి చెట్ల తారును వాడారు. నెస్మక్ అనే కలం పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో వెలువడిన ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకంలో ఒక పాకం ఇచ్చాడు. మూడు ఔన్సుల పైన్ తారు, రెండు ఔన్సుల ఆముదం, ఒక ఔన్సు పెన్నీరాయల్ అనే పుదీనా జాతి మొక్క నూనె కలిపి సన్నని సెగ మీద కాచి, ముఖానికీ చేతులకూ దట్టంగా పట్టించాలి. చర్మం మీద జిడ్డుగా, నల్లగా పొర కట్టే ఈ లేపనంలో చిక్కని తారు, ఆముదం పట్టి ఉంచడం వల్ల పెన్నీరాయల్ వాసన త్వరగా ఎగిరిపోయేది కాదు. రసాయన శాస్త్రం చదవని అడవి మనిషి అనుభవంతోనే అసలు సమస్యకు సరైన సమాధానం పట్టుకున్నాడు. పెన్నీరాయల్ నూనెలోని పులెగోన్ కాలేయానికి విషమని తర్వాత తేలడంతో నేడు దాన్ని సిఫారసు చేయడం లేదు.

సిట్రొనెల్లా యుగం

ప్రపంచమంతటా వాడకానికి వచ్చిన మొదటి సహజ నివారిణి సిట్రొనెల్లా నూనె. నిమ్మగడ్డికి దగ్గరి బంధువైన ఒక గడ్డిని ఆవిరితో బట్టీ పెట్టి దీన్ని తీస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. సింబోపోగాన్ నార్డస్ సింహళ (నేటి శ్రీలంక) రకం, అక్కడి రైతులు దాన్ని లేనబటు అంటారు. రెండోది మహపెంగిరి. దీనికి 1908లో జోవిట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, సింహళంలో నూనె తీసిన వింటర్ పేరు మీద సింబోపోగాన్ వింటేరియానస్ అని పేరు పెట్టాడు. జావాకు వెళ్ళి అక్కడ విస్తరించిన ఈ రెండో గడ్డి నూనెలో దోమలను తరిమే సిట్రొనెల్లాల్ దాదాపు మూడో వంతు ఉంటుంది. సింహళ నూనెలో అందులో సగం కూడా ఉండదు. అందుకే జావా నూనెకు మంచి ధర పలికేది.

ఈ నూనె మొదట్లో సబ్బుల పరిమళం కోసమే అమ్ముడుపోయింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో దీన్ని సుగంధ ద్రవ్యంగానే చూపించారు. సింహళ దక్షిణ తీరంలో గాలె, మాతర ప్రాంతాలు దీని ఉత్పత్తికి కేంద్రాలు. గిరాకీ పెరిగిన కొద్దీ కిరసనాయిలు కలిపి కల్తీ చేయడం ఎంతగా ప్రబలిందంటే, లైప్‌జిగ్‌లోని షిమ్మెల్ కంపెనీ ఆల్కహాల్‌లో నూనె ఎంతవరకు కరుగుతుందో చూసి కల్తీని పట్టే పరీక్షను రూపొందించవలసి వచ్చింది.

సుగంధ ద్రవ్యానికి వైద్య ప్రాధాన్యం రావడానికి మూలమైన సంఘటన తెలుగు నేల మీదే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి ఎదుగుదలను సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆయన పనిచేసిన భవనం నేటికీ బేగంపేటలో ఉంది. మలేరియా చెడు గాలి వల్ల కాక దోమ కాటు వల్ల వస్తుందని రుజువు కావడంతో, కాటును ఆపే నూనె ఆరోగ్యానికి అవసరమైన వస్తువు అయింది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో భారత సైన్యం సిట్రొనెల్లాను వాడకంలోకి తెచ్చింది. సైనికులకు దాన్ని కొబ్బరినూనె, కిరసనాయిలు, కొద్దిపాటి కార్బాలిక్ ఆమ్లంతో కలిపి ఇచ్చేవారు. వేపనూనె వాడకంలో లాగే ఇక్కడా కొబ్బరినూనెది వాసనను పట్టి ఉంచే పనే.

అమెరికా వ్యవసాయ శాఖలో కీటకశాస్త్ర విభాగాన్ని 1894 నుంచి 1927 వరకు నడిపిన లేలాండ్ హోవర్డ్ ఇలాంటి మిశ్రమాలను ఓపికగా సేకరించి, రైతుల కోసం చౌక ప్రచురణల్లో అచ్చువేశాడు. వాటిలో బాగా ప్రచారం పొందినది సిట్రొనెల్లా ఒక ఔన్సు, కర్పూరం కలిపిన సారాయి ఒక ఔన్సు, దేవదారు నూనె అర ఔన్సు కలిపినది. మరొక దానిలో ఆముదం, సారాయి, లావెండర్ నూనె సమపాళ్ళు. సామాన్యులు ఇంట్లోనే తయారు చేసుకోగల విషయాన్ని ఇంత శ్రద్ధగా పోగుచేసిన ప్రభుత్వ శాస్త్రజ్ఞులు అరుదు.

యుద్ధం, రసాయనాల రాక

1942 మార్చిలో జావా జపాన్ చేతికి చిక్కింది. మిత్రరాజ్యాల సైన్యాలు ఉష్ణమండల అడవుల్లో పోరాడవలసిన సమయంలోనే మేలైన సిట్రొనెల్లా సరఫరా తెగిపోయింది. అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. సిట్రొనెల్లా రాసుకున్న కొద్దిసేపటికే పని మానేస్తుంది, రాత్రంతా కాపలా కాసే సైనికుడు మాటిమాటికీ నూనె పూసుకుంటూ కూర్చోలేడు. అదే ఏడాది ఫ్లోరిడాలోని ఓర్లాండోలో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల వేల రసాయనాలను పరీక్షించే పనికి పూనుకుంది. డైమిథైల్ థాలేట్, ఇండలోన్, రట్గర్స్ 612 అనే మూడింటి మిశ్రమం యుద్ధకాలంలో వాడుకలోకి వచ్చింది. శామ్యూల్ గెర్ట్‌లర్ తయారుచేసిన డీట్ అనే రసాయన నివారిణిని 1946లో సైన్యం స్వీకరించింది, 1957లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 1948లో అమెరికాలో వాణిజ్య వాడకానికి సిట్రొనెల్లా నమోదైనా, శాస్త్రజ్ఞుల ఆసక్తి అప్పటికే రసాయనాల వైపు మళ్ళింది. తర్వాతి పాతికేళ్ళలో పశ్చిమ దేశాల్లో మొక్కల నూనెల మీద పెద్ద పని జరగలేదు.

చైనా ఆవిష్కరణ

మొక్కల నివారిణుల గౌరవాన్ని నిలబెట్టిన ఘనత చైనా పరిశోధకులది. 1960ల్లో అక్కడ సంప్రదాయ వైద్యంలోని మొక్కలను వరుసగా పరీక్షించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చెందిన నిమ్మవాసన యూకలిప్టస్ చెట్టు ఆకుల నుంచి సుగంధ తైలం తీశాక మిగిలిపోయే పదార్థం, తైలం కంటే ఎంతో ఎక్కువసేపు దోమలను ఆపుతున్నట్టు వారు గుర్తించారు. తైలంలో ముప్పాతిక వంతుకు పైగా సిట్రొనెల్లాలే. అది గంట సేపట్లో ఎగిరిపోతుంది. మిగిలినదానిలో ఉండే పారా మెంథేన్ డయోల్, అంటే పీఎండీ, నెమ్మదిగా ఆవిరవుతుంది. పారబోసే పదార్థంలో అసలు గుణాన్ని చూడగలిగిన ఆ పరిశీలన ఈ రంగం మొత్తంలోనే అత్యంత విలువైనది. నెస్మక్ తారు కలిపి సాధించినదాన్ని ఇక్కడ అణువే సొంతంగా సాధిస్తుంది. చూవెన్‌లింగ్ పేరుతో చైనాలో దీన్ని విరివిగా వాడారు.

2000లో అమెరికా పర్యావరణ సంస్థ పీఎండీని నమోదు చేసింది. 2005 ఏప్రిల్‌లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, దోమల వల్ల వచ్చే వ్యాధుల నుంచి రక్షణకు సిఫారసు చేసే జాబితాలో డీట్ పక్కన నిమ్మవాసన యూకలిప్టస్ నూనెను చేర్చింది. వ్యాధి వచ్చే చోట దీని విలువను లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు బొలీవియా అమెజాన్ అడవుల్లో చూపారు. 2002లో ప్రచురించిన పరీక్షలో పీఎండీ నివారిణి నాలుగు గంటల పాటు 97 శాతం, 15 శాతం డీట్ 85 శాతం, 2 శాతం వేపనూనె 57 శాతం రక్షణ ఇచ్చాయి. అక్కడి దోమలు జనం దోమతెరలోకి చేరకముందే, సాయంత్రం పూటే కుడతాయి. 2007లో వెలువడిన మరో అధ్యయనంలో, తెరతో పాటు పీఎండీ కూడా వాడినవారిలో వైవాక్స్ మలేరియా, తెర మాత్రమే వాడినవారి కంటే 80 శాతం తగ్గింది.

భారతదేశంలో పరీక్షలు

1993లో ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రానికి చెందిన వి.పి. శర్మ, ఆయన సహచరులు కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి ఒంటికి రాసి చూశారు. అనాఫిలిస్ దోమల నుంచి 12 గంటల పాటు పూర్తి రక్షణ కనిపించింది. పల్లె వాడకాన్ని కొలతలతో పరీక్షకు పెట్టిన ఈ ప్రయత్నం మెచ్చుకోదగినది. పైన చెప్పిన బొలీవియా ఫలితం దీనికంటే తక్కువగా ఉండటాన్ని బట్టి, దోమ జాతి, ప్రాంతం మారితే వేపనూనె పనితనమూ మారుతుందని గ్రహించాలి. 1996లో హరిద్వార్‌లో పనిచేసిన వి.కె. దువా బృందం, పొలాల గట్లను ఆక్రమించే లాంటానా పూల సారాన్ని కొబ్బరినూనెలో కలిపి ఏడిస్ దోమలపై పరీక్షించింది. 94 శాతానికి పైగా రక్షణ వచ్చినా అది రెండు గంటలకు మించి నిలవలేదు. 1959లో ఏర్పడి, ఇప్పుడు లక్నో కేంద్రంగా పనిచేస్తున్న సీమాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సిట్రొనెల్లా, నిమ్మగడ్డి, పామరోజా సాగుపై పరిశోధిస్తోంది. దాని శాఖ ఒకటి హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్‌లో ఉంది.

థాయిలాండ్‌లో 2001లో పసుపు, సిట్రొనెల్లా, ఒక రకం తులసి నూనెలకు 5 శాతం వనిలిన్ చేరిస్తే రక్షణ ఎనిమిది గంటల వరకు సాగింది. ఐస్‌క్రీముల్లో పరిమళానికి వేసే వనిలిన్‌ను ఇక్కడ వాసనను పట్టి ఉంచడానికే కలిపారు.

వాడకంలో గమనించవలసినవి

2002లో అమెరికా పరిశోధకులు ఫ్రాడిన్, డే ప్రచురించిన పోలికలో 23.8 శాతం డీట్ సగటున ఐదు గంటలు కాపాడగా, 2 శాతం సోయా నూనె గంటన్నర, సిట్రొనెల్లా ఉత్పత్తుల్లో చాలావరకు 20 నిమిషాల లోపు మాత్రమే కాపాడాయి. వాసన పట్టించిన చేతి పట్టీలు అసలు పనిచేయలేదు. సిట్రొనెల్లా వాడేవారు తరచుగా రాసుకోవాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి వేళా రాసుకోవాలి.

మొక్క నుంచి వచ్చినది కనుక హాని చేయదనుకోవడం సరికాదు. చిక్కని సుగంధ తైలాలు నేరుగా రాస్తే చర్మం మండి దద్దుర్లు రావచ్చు. కర్పూరం చిన్నపిల్లలు మింగితే మూర్ఛ వస్తుంది, వేపనూనె పసిపిల్లలకు తాగిస్తే ప్రాణాపాయం. మూడేళ్ళ లోపు పిల్లలకు నిమ్మవాసన యూకలిప్టస్ నివారిణులు వాడకూడదు. జలుబుకు వాడే నీలగిరి తైలం వేరే యూకలిప్టస్ జాతిది. అందులో ప్రధానంగా ఉండేది సినియోల్, పీఎండీ కాదు. నివారిణి కొనేటప్పుడు సీసా మీద పీఎండీ శాతం చూసుకోవాలి.