పాఠ్యపుస్తకంలో యూదులు

మా స్కూలు చరిత్ర పుస్తకంలో యూదులు రెండే చోట్ల కనపడ్డారు. క్రైస్తవ మతం పుట్టుక చెప్పినప్పుడు ఒకసారి, రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఇంకోసారి. మొదటి చోట యేసును నమ్మనివాళ్లు. రెండో చోట హిట్లర్ చంపించిన అరవై లక్షల మంది. ఈ రెండు పాఠాల మధ్య పంతొమ్మిది వందల ఏళ్లు వాళ్లు ఎక్కడ బతికారో, ఏ భాషలు మాట్లాడారో, ఏ పండుగలు చేసుకున్నారో పుస్తకం చెప్పలేదు. మాస్టార్లూ చెప్పలేదు. పరీక్షలో రాదు గనుక ఎవరూ అడగలేదు.

ఈ పద్ధతి ముస్లిం పిల్లలకు కొత్త కాదు. మనమూ ఆ పుస్తకంలో మూడే చోట్ల ఉంటాం. ఘజనీ మహమూద్ దండయాత్రలు, ఔరంగజేబు జిజియా పన్ను, చివర్లో దేశ విభజన. దోచుకున్నవాడు, పన్ను వేసినవాడు, దేశాన్ని చీల్చినవాడు. మధ్యలో దూది ఏకినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, రిక్షా తొక్కినవాళ్లు ఉండరు. ఆ పాఠం నడిచిన రోజు పక్క బెంచీ పిల్లలు మన వైపు ఎలా చూస్తారో మనకు తెలుసు. యూదుల పాఠం వచ్చినప్పుడు అదే పుస్తకం మనల్ని ఆ పక్క బెంచీలో కూర్చోబెడుతుంది. అందుకే ఆ పాఠం గురించి ముస్లింలు మాట్లాడాలి.

స్కూలు చెప్పనిది ఇల్లు కొంత చెప్పింది. మూసా, దావూద్, సులేమాన్, యాకూబ్, యూసుఫ్, హారూన్ - ఈ పేర్లు లేని ముస్లిం బస్తీ లేదు. ఇవన్నీ యూదులు తమ ప్రవక్తలుగా, రాజులుగా, పెద్దలుగా తలుచుకునే పేర్లే. కానీ ఆ మూసా కథ విన్న నోళ్లే దయలేని మనిషిని 'యహూదీ' అని తిట్టడమూ ఉంది. 'తురకోడు' అన్న మాట మనకు ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ మాటా అక్కడే గుచ్చుకోవాలి.

నిజానికి ఆ మతం ఆచారాలు చదివితే సగం మన ఇంటివే అనిపిస్తాయి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు. పంది నిషిద్ధం. జంతువును కోసే పద్ధతికి నియమాలున్నాయి, రక్తం తినకూడదు. మగపిల్లవాడికి ఎనిమిదో రోజున సున్తీ. మనకు జుమ్మా రాత్రి గురువారం సాయంత్రమే మొదలైనట్టు, వాళ్లకూ రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం రాత్రి దాకా సబ్బాతు. ఆ వేళ పని ముట్టరు, నిప్పు రాజేయరు. పదమూడేళ్లు నిండిన పిల్లవాడు ప్రార్థనామందిరంలో తౌరాత్ చదివి పెద్దవాళ్లలో కలుస్తాడు.

మొహర్రం పదో రోజు అనగానే మన ఊళ్లలో పీర్లు, కర్బలా గుర్తొస్తాయి. ఆ రోజు ఉపవాసానికి ఇంకో కథ ఉంది. మదీనాలోని యూదులు, మూసా ప్రవక్తను ఫిరౌను నుంచి అల్లా కాపాడిన రోజని ఉపవాసం ఉండగా చూసి, ప్రవక్త తానూ ఉన్నారని హదీసు చెబుతుంది. హిజ్రత్ తర్వాత పదహారు పదిహేడు నెలలు ముస్లింలు నమాజు చేసింది కూడా జెరూసలెం వైపే.

యూదులు మన దేశానికీ పరాయివాళ్లు కారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో కేరళ రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు హక్కులిస్తూ రాయించిన రాగిరేకులున్నాయి. కొచ్చిన్ మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ సినగాగు నేటికీ ఉంది.

అక్కడ కులమూ ఉంది. బానిసత్వం నుంచి విడుదలైనవారి సంతానాన్ని ఆ సినగాగులో తక్కిన వాళ్లతో సమానంగా కూర్చోనివ్వలేదు. ఆ సంతానంలో పుట్టిన అబ్రహం బరాక్ సాలెం (1882-1967) వకీలై, తన మందిరంలోనే సత్యాగ్రహం చేసి ఆ కట్టుబాటును తెంచారు. ఆయన్ని 'యూదు గాంధీ' అన్నారు. అష్రాఫ్, దూదేకుల తేడాలు మనలో లేవని బుకాయించే పెద్దలు సాలెం కథ చదవాలి.

కొంకణ తీరంలో గానుగ ఆడిన బెనె ఇజ్రాయిలీలు శనివారం గానుగ కట్టరు గనుక 'శనివార్ తేలీ'లయ్యారు. వాళ్ల మాతృభాష మరాఠీ. 1796లో బొంబాయిలో వాళ్లలో ఒక సిపాయి అధికారి కట్టించిన మొదటి సినగాగును జనం 'జూనీ మసీదు' అన్నారు. ఆయన టిప్పు సుల్తాను చెరలో పడి, 'బనీ ఇస్రాయీల్' అన్న ఖురాను మాట పుణ్యాన ప్రాణాలతో బయటపడ్డాడని వాళ్ల కథనం. మొక్కు తీరితే ఇలియాస్ ప్రవక్త పేరున అటుకులు, కొబ్బరి, బెల్లం కలిపి పంచుతారు. దాన్ని వాళ్లు 'మలీదా' అంటారు. పీర్ల పండక్కి మలీద ముద్దలు చేసే తెలంగాణకు ఆ మాట వివరించక్కర్లేదు.

కలకత్తాలో యూదుల స్కూళ్ల కథ ఇంకా చెప్పుకోదగ్గది. 1798లో అలెప్పో నుంచి సూరత్ మీదుగా షాలోం కోహెన్ అక్కడికి చేరాడు. తర్వాత బాగ్దాద్ యూదులు వచ్చారు. వాళ్ల ఇంటిభాష అరబ్బీ, రాసే లిపి హీబ్రూ. ఆ అరబ్బీలో వార్తాపత్రికలు కూడా కలకత్తాలో అచ్చయ్యాయి. ఒక భాషకు ఒకే మతం అంటగట్టేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఉర్దూ, తెలుగు రెండూ రాసే నాలాంటివాడికి అది పరాయి కథ కాదు.

1880ల మొదట్లో వాళ్లు ఆడపిల్లలకు ఒక స్కూలు, మగపిల్లలకు ఎలియాస్ మేయర్ ఫ్రీ స్కూలు పెట్టుకున్నారు. 1940లలో కలకత్తాలో సుమారు ఐదు వేల మంది యూదులుండేవాళ్లు. స్వాతంత్ర్యం తర్వాత ఇజ్రాయిల్‌కు, ఇంగ్లండ్‌కు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోయారు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టే మంది మిగిలారు. స్కూళ్లు మూతపడలేదు. యూదుల బోర్డు కిందే నడుస్తూ వచ్చిన ఆ స్కూళ్లలో చదివేది ఎక్కువగా ముస్లిం పిల్లలు. 1884లో కట్టిన మాఘెన్ డేవిడ్ సినగాగును తరతరాలుగా చూసుకుంటున్నదీ ముస్లిం కుటుంబాలే. దీపాలు తుడిచేది, తలుపు తీసేది, టోపీ లేకుండా లోపలికి పోయేవాణ్ణి ఆపేది వాళ్లే. దీన్ని ఏ ప్రభుత్వమూ మత సామరస్యమని ప్రచారం చేసి పెట్టించలేదు. స్కూలు వాళ్లకు పిల్లలు కావాలి, ముస్లిం తల్లిదండ్రులకు మంచి చదువు కావాలి, అంతే. పాఠ్యపుస్తకానికి ఇంతకంటే మంచి పాఠం ఏం దొరుకుతుంది?

మన హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. అబ్దుల్లా కుతుబ్‌షా పాలనలో, 1647లో, 'దబిస్తానె మజాహిబ్' అనే పారశీ గ్రంథం రాసినాయన హైదరాబాదులో సర్మద్‌ను కలిశాడు. సర్మద్ పుట్టింది యూదు పండితుల ఇంట. తర్వాత ఇస్లాం తీసుకుని, ఇరాన్ పండితుల దగ్గర చదివి, వ్యాపారం మీద సింధులోని తట్టాకు వచ్చాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకుడు శిష్యుడయ్యాడు. సర్మద్ అతనికి తౌరాత్ నేర్పాడు. అభయ్‌చంద్ అందులో కొంత భాగాన్ని పారశీలోకి తెచ్చాడు. దాన్ని సర్మద్ చేత సరిచూపించి దబిస్తాన్ కర్త యూదుల అధ్యాయంలో చేర్చుకున్నాడు. యూదుగా పుట్టిన ముస్లిం చెప్పగా, హిందువు తర్జుమా చేయగా, పారశీ పుస్తకంలోకి ఎక్కిన యూదు మతమది. ఔరంగజేబు కాలంలో సర్మద్ తల తీశారు. ఢిల్లీ జామా మసీదు పక్కన ఆయన మజారు మీద ఇప్పటికీ పూలు పడుతుంటాయి. ఔరంగజేబు గురించి అడిగే ఐదు మార్కుల ప్రశ్నలో సర్మద్ రాడు.

ఇక ఆ పుస్తకంలో పేరున్నా ఎవరో చెప్పని యూదు ఒకాయన ఉన్నాడు. 1919 మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు బట్టీ పట్టకుండా పది పాసైనవాళ్లు తక్కువ. ఆ ఎడ్విన్ మాంటేగ్, అప్పటి భారత మంత్రి, యూదు. యూదులకు పాలస్తీనాలో జాతీయ గృహం ఇస్తామని బ్రిటన్ బాల్ఫర్ ప్రకటన చేసింది 1917 నవంబరులో. దానికి ముందే, ఆగస్టులో, మాంటేగ్ దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తూ సాటి మంత్రులకు రాశాడు. పాలస్తీనా యూదుల దేశమని ప్రకటిస్తే ప్రతి దేశంలోనూ యూదును 'నీ దేశం అక్కడుంది, పో' అంటారని ఆయన భయం.

'పాకిస్తాన్‌కు పో' అన్న మాట వినని భారతీయ ముస్లిం ఎవరు? మాంటేగ్ భయపడింది సరిగ్గా ఆ మాటకే.

ఇంకో సంగతి కూడా పాఠంలో ఉండదు. ఖిలాఫత్ రోజుల్లో వైస్రాయి లార్డ్ రీడింగ్, ఆయనా యూదే. టర్కీకి న్యాయం చేయాలని, పవిత్ర స్థలాల మీద సుల్తాను అధికారం గుర్తించాలని భారత ప్రభుత్వం పంపిన తంతిని అచ్చు వేయడానికి మాంటేగ్ అనుమతిచ్చాడు. సహమంత్రుల్ని అడగకుండా చేశాడని 1922 మార్చిలో ఆయన పదవి పోయింది. వీళ్లిద్దరూ మహాత్ములని నేననను. అలీ సోదరులను, గాంధీని జైల్లో పెట్టింది ఆ ప్రభుత్వమే. యూదులంతా ఒకే మాట మీద ఉంటారన్నది అబద్ధమని మాత్రం అంటాను.

పాలస్తీనా విషయంలో నాకు తటపటాయింపు లేదు. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్నారు. 2023 అక్టోబరులో హమాస్ ఇజ్రాయిల్‌లో సుమారు పన్నెండు వందల మందిని చంపింది, ఆ తర్వాత ఇజ్రాయిల్ సైన్యం గాజాలో వేలాది పిల్లలతో సహా పదుల వేల మందిని చంపింది. ఆ రాజ్యాన్ని నిలదీయాల్సిందే. కానీ రాజ్యం వేరు, మతం వేరు, మనుషులు వేరు. బాగ్దాద్‌లో 1941లో యూదుల ఇళ్ల మీద పడ్డ గుంపులకు ఈ తేడా పట్టలేదు. 1950-51లో లక్షకు పైగా యూదులు ఇరాక్ విడిచిపోయారు. వేల ఏళ్లుగా ఉన్న ఊళ్లో వాళ్లను పరాయివాళ్లను చేశారు. అది మాంటేగ్ భయపడ్డట్టే జరిగింది.

పాకిస్తాన్ చేసినదానికి నన్ను జవాబు చెప్పమనడం అన్యాయమైతే, ఇజ్రాయిల్ చేసినదానికి బొంబాయి గానుగవాళ్ల మనవణ్ణి జవాబు చెప్పమనడమూ అన్యాయమే. మనం అడిగే న్యాయాన్ని రెండు తూకాలతో తూచలేం.

అందుకని పాఠ్యపుస్తకాలు మార్చాలని మనం పెట్టే అర్జీల్లో ఇదీ చేర్చాలి. ఘజనీ పక్కన దూదేకులవాడి బతుకు రాయమని అడిగినట్టే, హిట్లర్ పాఠానికి ముందు సబ్బాతు అంటే ఏమిటో, తౌరాత్ అంటే ఏమిటో, సాలెం ఎవరో, సర్మద్ ఎవరో రాయమనాలి. సర్కారు రాసేదాకా ఆగక్కర్లేదు. ఉర్దూ మీడియం టీచర్లు, మదరసాల్లో మూసా కథ చెప్పే మౌల్వీసాబులు రేపటి పాఠంలోనే మొదలుపెట్టొచ్చు. మూసాను ప్రవక్తగా నమ్మే మనం, ఆయన్ని నమ్మే ఇంకో జనం గురించి పిల్లలకు నాలుగు నిజాలు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.