రాతి తొట్టిలో ఆల్ప్స్ కొండ

ఆల్ప్స్ కొండల పైన, చెట్లు ఆగిపోయిన ఎత్తున, బండల నెర్రెల్లో పుట్టే మొక్కలు చలికి చావవు, తడికి చస్తాయి. శాక్సిఫ్రేజ్, ఆండ్రోసేస్, జెన్షియన్ అన్నీ ఆ బాపతే. అక్కడ శీతకాలమంతా మంచు కింద పొడిగా నిద్రపోతాయి. ఇంగ్లండులో శీతకాలమంటే ముసురు. నేల నానుతుంది, మొదలు కుళ్లుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వీటిపై మోజుపడ్డ ఆంగ్లేయులు నీరు నిలవకుండా తోటల్లో రాతిగుట్టలు పేర్పించేవారు. దానికి జాగా కావాలి, బండ్లకొద్దీ రాయి కావాలి. పెరడు చిన్నదైనవాళ్లకు ఆ ముచ్చట తీరేది కాదు.

క్లారెన్స్ ఎలియట్ 1907లో స్టీవెనేజ్‌లో సిక్స్ హిల్స్ నర్సరీ పెట్టాడు. ఆల్ప్స్‌లో తిరిగి, ఈ మొక్కలు పుట్టినచోటే చూసినవాడు. అప్పటికి పల్లెల్లో పశువులు నీళ్లు తాగిన, పందులు మేసిన రాతి తొట్లు మూలన పడుతున్నాయి. వాటి చోటికి జింకు పూత రేకు తొట్లు వచ్చాయి. వంటిళ్లలోనూ రాతి సింకులు తీసేసి తెల్లటి పింగాణీవి పెట్టుకుంటున్నారు. ఎవరికీ అక్కర్లేని ఆ తొట్లలో 1920లలో ఎలియట్ కొండ మొక్కలు నాటాడు.

అలంకారంగా చూస్తే ఇది చిన్న సంగతే. నాకు మాత్రం అతని చూపు గొప్పగా కనిపిస్తుంది. సింకు అడుగున నీరు పోయే కన్నం ముందే ఉంది. దానిపై పెంకులు పరిచి, మట్టిలో సన్న కంకర దండిగా కలిపి, మొక్క మొదలు చుట్టూ రాతి ముక్కలు పోస్తే వాన ఎంత కురిసినా క్షణాల్లో దిగిపోతుంది. పైగా తొట్టిని రాళ్లమీద ఎత్తి నిలబెడతారు. బెత్తెడు కూడా ఎదగని మొక్కను, గోరంత పువ్వును వంగకుండా చూడొచ్చు. రెండు మూడు రాళ్లు నిలిపితే అదే శిఖరం, అదే లోయ. ఇంటి ముందు అరుగంత చోటు చాలు.

కొండ మొక్కలంటే ఇష్టపడేవాళ్లతో 1929లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ ఏర్పడింది. ఎలియట్ కొడుకు జో కూడా గ్లాస్టర్‌షైర్‌లోని తన బ్రాడ్‌వెల్ నర్సరీలో తొట్లలో మొక్కల పెంపకానికి పేరు తెచ్చుకున్నాడు. ఈలోగా అందరూ వెతకడంతో పాత తొట్లు కరువయ్యాయి, ధర పెరిగింది. అందుకే తోటమాలులు సిమెంటు, ఇసుక, పీట్ అనే కుళ్లిన నాచుమట్టి కలిపి హైపర్‌టూఫా అనే ముద్ద చేసుకున్నారు. మొదట, పాతబడి వంటింట్లోంచి తీసేసిన పింగాణీ సింకులకే దాన్ని పూసేవారు. తర్వాత అచ్చుల్లో పోసి తొట్లే చేయసాగారు. ఆరిన ముద్ద గరుగ్గా ఉంటుంది, నాచు త్వరగా పడుతుంది; కొన్నాళ్లకు అసలు రాయికీ దానికీ తేడా పోల్చుకోవడం కష్టం.