గాలం వేయడానికి గంటకు 70 మైళ్లు

మా బావమరిది డాలస్ శివార్లలో ఉంటాడు. పోయినేడు పాత బాస్ బోటొకటి కొన్నాడు. అప్పట్నుంచీ వీడియో కాల్‌లో వాడి ముఖం కన్నా మోటారు వెనకభాగమే ఎక్కువ కనిపిస్తోంది. జూన్ సంచికకు ఏదైనా పాత కథ కావాలని సంపాదకులు అడగ్గానే నాకు ఆ మోటారే గుర్తొచ్చింది. బాస్ చేపల పోటీలు ఓ దారిన పడింది 1967 జూన్‌లోనే మరి.

బాస్ అంటే మన కొర్రమీనుకు చుట్టం కాదు గానీ బుద్ధి అదే. ములిగిన మోడుల పక్కన మాటు వేస్తుంది, దగ్గరికొచ్చినదాన్ని గుటుక్కున మింగుతుంది. మనిషి పడవలో కూర్చుని గాలం వేయడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఎవరు చెప్పగలరు? 1195 ప్రాంతంలో చైనా చిత్రకారుడు మా యువాన్ చలికాలపు సరస్సు మీద ఒంటరి పడవనీ, చుట్టుచక్రం ఉన్న గాలాన్నీ గీశాడు. అక్కణ్నుంచి ఏడు శతాబ్దాలు ఒక్క గంతు వేద్దాం. ఆ మధ్యలో పడవ పడవలాగే ఉంది, తెడ్డు తెడ్డులాగే ఉంది.

1909లో నార్వే నుంచి వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే మోటారును అమ్మకానికి పెట్టాడు. 1934లో ఫార్గో ఊళ్లో ఓ.జి. ష్మిట్ ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారుకు పంకా బిగించి, చప్పుడు లేకుండా నడిచే కరెంటు మోటారు చేశాడు. 1948లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ ప్లైవుడ్‌తో పడవ కట్టి, దోమ అనే అర్థంలో 'స్కీటర్' అని పేరు పెట్టాడు. నదులకు ఆనకట్టలు కట్టి అడవుల్ని ముంచేసిన పెద్ద జలాశయాలు అప్పటికే పెరుగుతున్నాయి. చేప ఎక్కడో మైళ్ల దూరంలో ఏ మోడు పక్కనో ఉంటుంది. త్వరగా వెళ్లాలి, వెళ్లాక చప్పుడు చేయకూడదు. చేపల జాడ చెప్పే సోనార్, ఆకుపచ్చ పెట్టెలో, 1950ల చివర్లో వచ్చింది. అంటే సామానంతా సిద్ధం. లేనిదల్లా తొందర.

ఆ తొందరను తెచ్చినవాడు రే స్కాట్, అలబామా బీమా ఏజెంటు. 1967 జూన్‌లో ఆర్కన్సాలోని బీవర్ సరస్సు మీద 106 మందిని పోగేసి, తలా 100 డాలర్ల రుసుముతో పోటీ పెట్టాడు. గడియారం చూసుకుంటూ చేపలు పట్టాల్సి వస్తే ఎవడు మాత్రం తెడ్డు వేస్తాడు?

స్కాట్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది 1971 నాటిది. మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీకి 24 మందిని ఎంచి, ఏ సరస్సో చెప్పకుండా విమానం ఎక్కించాడు. ఆకాశంలోకి వెళ్లాక గానీ గుట్టు విప్పలేదు: నెవాడా సరిహద్దున మీడ్ సరస్సు! ఎడారి మధ్యలో రాతిగోడల నడుమ నీళ్లు. మోడుల మధ్య పెరిగిన దక్షిణాది గాలగాళ్ల ముఖాలు ఊహించుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పైగా తలా 10 పౌన్ల సామానే తెచ్చుకోవాలి. 10 పౌన్లంటే నాలుగున్నర కిలోలు, పెళ్లికి వెళ్లేవాడి చేతిసంచి బరువు. ఇంట్లో అటక నిండా ఎరలున్నవాడు దేన్ని తీసుకెళ్తాడు, దేన్ని వదిలేస్తాడు? ఒడ్డున అందరికీ ఒకే రకం పడవలు. నా మోటారు గొప్ప, నా పంకా గొప్ప అనే మాటకు చోటే లేదు. సొంత పడవకు మరలు బిగించడంలో రాత్రుళ్లు గడిపినవాళ్ల చేతుల్లోంచి ఆ పానాలన్నీ లాక్కున్నట్టే. ఆర్కన్సాకు చెందిన బాబీ మర్రే మూడు రోజుల్లో 43 పౌన్ల 11 ఔన్సుల చేపలు పట్టి, 10,000 డాలర్లు జేబులో వేసుకున్నాడు. రెండోవాడికి ఏమీ లేదు.

ఆ సమానత్వం మామూలు సరస్సుల మీద నిలవలేదు. 1972 నుంచి పట్టిన చేపను బతికుంచి వదలాలన్నారు. పడవలోకి గాలి ఆడే నీళ్లతొట్టి వచ్చింది, బరువు పెరిగింది. బరువు పెరిగితే మోటారు పెరగాలి. మోటారు పెరిగితే ప్రాణభయం, అందుకని మనిషి పడిపోతే ఇంజను ఆగిపోయే తాడు. ఇప్పుడు 250 గుర్రాల బలం, 21 అడుగుల పొడవు, ముక్కున కరెంటు మోటారు, దానికి 36 వోల్టులిచ్చే మూడు బ్యాటరీలు, ముందున్న చేపను సినిమాలా చూపించే సోనార్. ఇది వేటా, వీడియో గేమా అని అక్కడ పెద్ద తగువే నడుస్తోంది. అందులో నేను దూరను.

మా వాడి గోల వేరు. వేగం అందుకోగానే పడవ అడుగున వెనకవైపుండే సన్నటి పట్టీ ఒక్కటే నీళ్లను తాకుతుందట. అప్పుడది సైకిల్ నేర్చుకునే పిల్లాడిలా ఎడమకూ కుడికీ ఊగుతుంది. మోటారును పావు అంగుళం పైకి జరిపితే రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. మరీ జరిపితే పంకాకు పట్టు దొరకదు. ఇంజను చల్లబరిచే నీళ్లకు బదులు గాలిని పీలుస్తుంది, ప్రెషర్ మీటరు ముల్లు కిందికి జారుతుంది. అందుకని పావు అంగుళం జరపడం, సరస్సుకు వెళ్లడం, ముల్లు చూడటం, వెనక్కి రావడం. బ్యాటరీలను ఇటునుంచి అటు మార్చడం. పంకా మార్చడం. మూడు నెలలుగా ఇదే తంతు.

మొన్న ఫోన్ చేసి, సగం ట్యాంకు పెట్రోలుతో 70 మైళ్లు దాటిందని సంబరపడ్డాడు. సెప్టెంబరులో మేం వస్తున్నాం, నన్నూ ఎక్కించుకో అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"బావా, ఇంతకీ నువ్వెన్ని కిలోలు?"