షెల్షేరు శాసనమును, తెలుగుతీరమును

1757లో బుస్సీ విశాఖపట్టణమును ఫ్రెంచివారి వశము గావించెను. ఆ యధికారము మఱుసటి సంవత్సరముననే యంతరించినది. కాని దక్షిణమున గోదావరీముఖమునగల యానాము, నడుమ ఆంగ్లేయులు పలుమాఱు గైకొన్నను, 1954 వఱకును ఫ్రెంచివారిదై యుండెను. కావున ఫ్రెంచి వలసరాజ్యములలోని బానిసత్వ నిర్మూలనచరిత్రము మన తీరమునకు పరాయిది కాదు.

విక్టర్ షెల్షేరు 1804 జూలై 22న పారిసునగరమున జన్మించెను. తండ్రి పింగాణిపాత్రల కర్మశాలకు యజమానుడు. ఆ వర్తకముపనిమీద నమెరికాఖండమునకు బోయి, క్యూబాలో బానిసల యవస్థను కన్నులార చూచెను. తొలుత క్రమవిమోచనమునే కోరిన యీతడు, కరేబియను ద్వీపములను స్వయముగా పరిశీలించివచ్చి, తత్క్షణవిమోచనమే న్యాయమని 1842లో గ్రంథము ప్రకటించెను. తాను మున్ను చెప్పినదానిని తానే త్రోసిపుచ్చుట యందఱకును సాధ్యము కాదు.

1848 ఫిబ్రవరి విప్లవమున రాజరికము కూలగా, నౌకాసచివుడైన ఆరాగో యీతని నుపసచివునిగా నియమించెను. ఏప్రిల్ 27న శాసనము వెలువడెను. ఫ్రెంచినేలపై కాలిడిన బానిస స్వతంత్రు డగునను సూత్రము దానిచే వలసరాజ్యములకెల్ల వ్యాపించెను. భారతదేశమునందలి ఫ్రెంచిస్థానములకు జాతీయసభలో ప్రాతినిధ్య మొసగినదియు నీ శాసనమే. యానాము వానిలో నొకటి. పరిహారధనము మాత్రము యజమానులకు ముట్టెను. విముక్తులకు గవ్వయు దక్కలేదు.

రెయూనియను ద్వీపమున నా డిసెంబరు 20న సుమారు 60,000 మంది విముక్తులైరి. చెఱకుతోటలకు క్రొత్తకూలీలు కావలసివచ్చిరి. 1828లోనే కొందఱు తెలుగువారు ఒడంబడికపై యానామునుండి ఆ ద్వీపమునకు పోయియుండిరి. 1861 నాటి ఆంగ్ల ఫ్రెంచి సంధితో బ్రిటిషు ఇండియానుండియు కూలీలను గొనిపోవుటకు వీలు కలిగెను. ఆంగ్లేయాధీనమైన మారిషసులోను ఇట్లే జరిగినది. విశాఖపట్టణ, గోదావరీ ప్రాంతములనుండి యచ్చటికేగిన తెలుగువారికి కోరంగిరేవునుబట్టి 'కోరింగీలు' అని పేరు వచ్చెను.

ఈ కూలీని బానిస యనరాదు. అతనికి జీతము కలదు, గడువు కలదు. బిడ్డలు యజమానుని సొత్తు కారు. అయినను ఒడంబడిక మీఱినచో చెఱసాల తప్పదు. ఈ భేదమును, ఈ సామ్యమును రెండింటిని షెల్షేరు గుర్తించెను. 1851 నాటి రాజ్యాపహరణముచే ప్రవాసియై, 1870లో మరలివచ్చి, వార్ధకమున నీ కూలివలసను గూడ నెదిర్చెను. 1882లో ఆంగ్లప్రభుత్వము రెయూనియనునకు కూలీలను పంపుట మాన్పినది. దానికి హేతువు షెల్షేరు వాదమని చెప్పుట పొసగదు. 1877లో జరిగిన సంయుక్తవిచారణయు, అంతకంతకు పెరిగిన మొఱలును ముఖ్యకారణములు.

షెల్షేరు 1893 డిసెంబరులో మరణించెను. బ్రిటిషు ఇండియాలో బానిసత్వమునకు చట్టసమ్మతి 1843లోనే, ఫ్రెంచిశాసనమునకు అయిదేండ్లు ముందుగనే, తొలగియుండెను. అయినను విశాఖమండలపు మన్యమున అప్పునకు మాఱుగా చాకిరి చేయించు గొత్తిపద్ధతి నిలిచియే యుండెను. దానిని అరికట్టుటకు మదరాసు ప్రభుత్వము 1940లో ప్రత్యేకనిబంధన చేయవలసివచ్చినది.